అవ్వ ఒడిలో నేర్చిన తెలుగు
మదురైలో 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుని పాలన మొదలైంది. ఆ నాయకరాజుల కాలంలోనే మావాళ్లు ఇటు వచ్చారని ఇంట్లో చెప్పుకునే మాట. 1736లో రాజ్యం పోయింది, తెలుగు పోలేదు. మాలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. మరి మాట ఎట్లా నిలిచింది?

అవ్వల వల్ల. పసిబిడ్డ ‘ఉంగా’ అంటే అవ్వ కూడా ‘ఉంగా’ అని బదులిచ్చేది. అన్నం ‘బువ్వ’, స్నానం ‘లాల’. బిడ్డ వేలు చూపిస్తే పేరు చెప్పేది. తప్పు పలికితే కసరకుండా, అదే మాట సరిగ్గా తిరిగి అనేది. బడిలో తమిళం, ఒడిలో తెలుగు, రెండూ బరువనిపించలేదు.

ఇప్పుడు మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం తమిళంలో వస్తోంది. వింటే చాలదు, పలకాలి. అందుకే మా ఇంట్లో రాత్రి బువ్వ వేళ తెలుగే మాట్లాడుకుంటున్నాం. మీ ఇంట్లో పసిబిడ్డకు ‘ఉంగా’ అని బదులిచ్చేదెవరు?