అటక మీది జఖీరా, ఫ్రీజరులోని హిస్సా



2022 జూలై 10, ఆదివారం. ఆ రోజు బక్రీద్. నమాజ్ నుంచి వచ్చి, ఖుర్బానీ అయ్యాక హిస్సాలు పంచి, మిగిలిన గోష్తును పొట్లాలు కట్టి ఫ్రీజరులో పెట్టుకున్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. ఆరు రోజులు తిరిగేసరికి, జూలై 16న, భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు లేచింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి దిగాయి. ఆ ఏప్రిల్ 4న పుట్టిన కోనసీమ జిల్లాకు అప్పటికి మూడు నెలలు. లంకల్లోకి నీళ్ళొచ్చాయి, చాలాచోట్ల కరెంటు ఆగింది. కరెంటు లేని ఫ్రీజరు ఒట్టి ఇనప పెట్టె!

అప్పటినుంచీ నన్నొక సవాల్ వదలడం లేదు. ఇదే గోదారి పక్కన, ఇదే మౌసమ్‌లో మన దాదీలూ నానీలూ ఫ్రీజరు లేకుండా రిజ్ఖ్‌ను ఎలా దాచుకున్నారు? ఈ రోజు ఆ తారీఖ్ చెప్పుకుందాం. రాజుల తారీఖ్ చాలామంది రాశారు. బావర్చీఖానా తారీఖ్‌ను మనమే రాసుకోవాలి.

యానాం నుంచి ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం వైపు వస్తే మురమళ్ళ తగులుతుంది. ఐ.పోలవరం మండలం, గౌతమి పాయ పక్క. వీరేశ్వరస్వామి గుడిలో నిత్యకల్యాణాల వల్ల ఆ ఊరి పేరు అందరికీ తెలుసు. ఇప్పుడు బాలయోగి పేరుతో ఉన్న ఆ వంతెన రాకముందు గౌతమి దాటాలంటే పంటో పడవో ఎక్కాలి. ఏరు పొంగితే రేవు బంద్. రేవు బంద్ అయితే అవతల ఒడ్డున ఉన్న సామాన్ అవతలే. ఇలాంటి చోట ఇంట్లో జఖీరా పెట్టుకోవడం షౌఖ్ కాదు, జరూరత్.

పైగా ఈ డెల్టా ఎప్పుడూ ఇంత పచ్చగా లేదు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు వైపు ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేసింది. గోదారి సీమ కూడా ఆ రోజుల్లో ఖహత్ చూసింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన మురమళ్ళకు దగ్గర్లోని కోరంగి రేవును ముంచేసింది. ఆ తర్వాత 1847లో కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాలవ నీళ్ళతో వరి కుదురుకుంది. 1876-78 మహా కరువులో మద్రాసు రాజధాని అల్లాడుతుంటే ఈ డెల్టా నిలబడింది. అయితే ఆనకట్ట కరువును ఆపింది కానీ వరదను ఆపలేదు, తుపానును అసలే ఆపలేదు. అందుకే పంట పెరిగినా ఇంట్లో దాచుకునే ఆదత్ పోలేదు.

ఆ పాత జఖీరా ఎలా ఉండేదో చూడండి. ధాన్యం గాదెలోనో పురిలోనో ఉండేది. బియ్యంగా కాదు, వడ్లుగానే. పొట్టు ఉన్నంతకాలం గింజకు పురుగు తొందరగా పట్టదు. కావలసినప్పుడు కావలసినంత దంచుకునేవారు. ఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలై) మిస్ర్ బాద్‌షాహ్ కలకు తాబీర్ చెబుతూ, తినే కొంచెం తప్ప మిగతా పంటను వెన్నుల్లోనే ఉంచమన్నారు. మన అమ్మమ్మల గాదె వెనక ఉన్న అఖల్ కూడా అదే.

కొబ్బరికాయలు అటక మీద. నెలల తరబడి అక్కడే ఉంటే లోపలి నీరు ఇంకిపోయి కురిడీ అవుతుంది. కురిడీ అంటే అమ్ముకోవడానికి సరుకు, ఆపద వేళ ఇంటికి నూనె, కూరకు కొబ్బరి. కొత్త చింతపండు ఉప్పు కలిపి కుండలో. ఆవకాయ, మాగాయ జాడీల్లో. ఎండాకాలం ఎండబెట్టిన ఉప్పుచేపలు, మెత్తళ్ళు, ఎండురొయ్యలు గాలి తగలకుండా డబ్బాలో. రమ్‌జాన్‌కు ముందే చేత్తో చేసి, మంచం మీద పరిచిన గుడ్డపై ఆరబెట్టిన సేమియా. పాలు, పెరుగు ఉట్టి మీద. ఉన్నవాళ్ళ ఇళ్ళలో జాలీ తలుపుల చెక్క బీరువా ఉండేది. దాన్ని ఉర్దూలో నేమత్‌ఖానా అంటారు. అల్లాహ్ ఇచ్చిన నేమత్‌లు ఉండే చోటు! ఇంత మంచి మాటను మనం ‘కిచెన్ కప్‌బోర్డు’ చేసేసుకున్నాం.

ఈ సామాన్‌లో రెండు సంగతులు గమనించండి. విలువైనది ఏదైనా ఎత్తులో ఉంది: అటక, ఉట్టి, దిమ్మ మీద గాదె. ఎందుకంటే నీళ్ళు కిందినుంచి వస్తాయి. రెండోది, నిలవ ఉండేవన్నీ ఎండ వల్లో ఉప్పు వల్లో నిలిచేవే. వాటికి ఏ తీగా అక్కర్లేదు.

మరి గోష్తు? దాని తారీఖ్ మన దీన్‌లోనే ఉంది. బక్రీద్ తర్వాతి మూడు రోజులను అయ్యామె తష్రీఖ్ అంటాం కదా. ఆ మాటకు ఉలమా చెప్పే మానీ ఏమిటంటే, ఖుర్బానీ మాంసాన్ని పలచగా కోసి ఎండలో ఆరబెట్టడం. తెలంగాణలో, రాయలసీమలో ఒట్టి తునకలు అంటారే, ఆ పనే. అంటే మాంసం దాచడం ఆ రోజుల పేరులోనే ఉందన్నమాట.

అయితే దానికో షరతు కూడా వచ్చింది. ఒక ఏడాది మదీనాకు ఆకలితో ఉన్న జనం వచ్చారు. ఆ బక్రీద్‌కు ప్రవక్త (స) ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని మనా చేశారు. తర్వాతి ఏడు తంగీ పోయాక తినడానికీ, తినిపించడానికీ, దాచుకోవడానికీ ఇజాజత్ ఇచ్చారు. సహీహ్ బుఖారీలోనూ సహీహ్ ముస్లింలోనూ ఈ సంగతి ఉంది. బనూ నజీర్ తోటల ఖర్జూరం నుంచి ఆయన తన ఇంటివాళ్ళకు ఏడాది తిండి తీసి ఉంచేవారని కూడా బుఖారీలో ఉంది. కాబట్టి జఖీరా పెట్టుకోవడం తవక్కుల్‌కు ఖిలాఫ్ కాదు. జనం ఆకలి చూసి ధర పెరిగేదాకా సరుకు బిగబట్టడం ఇహ్‌తికార్, అది గునాహ్. ఈ రెంటి మధ్య గీత ఒకటే: పక్కవాడి కడుపు.

ఇప్పుడు 1986కు వద్దాం. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పెద్దవాళ్ళు ఇప్పటికీ వరదను ఆ ఏటితోనే కొలుస్తారు. హిజ్రీ లెక్కలో అది 1406 జిల్‌హజ్. అంటే బక్రీద్ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది! చాంద్ సాల్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అలా 33 ఏళ్ళకు ఒక చుట్టు తిరిగి వస్తుంది. 1986లో వానాకాలంలో పడిన బక్రీద్, ఆ చుట్టు పూర్తయి 2022లో మళ్ళీ వానాకాలంలోనే పడింది. రెండుసార్లూ గోదారి కూడా వచ్చింది.

ఫరఖ్ ఎక్కడంటే, 1986లో మన ఊళ్ళ మామూలు ఇళ్ళలో ఫ్రిజ్ లేదు. వానలో మాంసం ఎండదు. దాచే దారి లేనప్పుడు గోష్తు ఆ పూటే వీధి దాటి వెళ్ళిపోతుంది. పంచడం సవాబ్ మాత్రమే కాదు, అంతకుమించి దారి లేకపోవడం కూడా. పడోసీ ఇల్లే మన ఫ్రీజరు. ఈ రోజు మనం ఇచ్చింది, వాళ్ళింట్లో ఏదైనా అయిన రోజు మన దస్తర్‌ఖాన్‌కు తిరిగొచ్చేది.

చల్లదనం మొదట అమీర్ల సొత్తు. 1833లో, అంటే ఇక్కడ నందన కరువు నడుస్తున్న రోజుల్లోనే, బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన మంచుగడ్డల ఓడ కలకత్తా చేరింది. 1842లో మద్రాసు సముద్రపొడ్డున ఆ మంచు కోసమే ఐస్ హౌస్ కట్టారు. ఒక పక్క గింజ లేక జనం, మరో పక్క దొరల షర్బత్‌లోకి సముద్రాలు దాటి వచ్చిన మంచు. 1958లో గోద్రెజ్ ఇక్కడే ఫ్రిజ్‌లు తయారుచేయడం మొదలుపెట్టింది. అవి మన వీధిదాకా రావడానికి ఇంకో తరం పట్టింది. ఈలోగా 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. నెలనెలా డిపో బియ్యం రావడంతో ఏడాది గాదె నెల డబ్బాగా మారింది. పేదింటి పొయ్యికి అది పెద్ద సహారా, అందులో షక్ లేదు.

1996 నవంబరు 6 రాత్రి మనకు ఇంకో సబఖ్ నేర్పింది. కాకినాడకు దక్షిణంగా, మన తీరంలోనే తుపాను దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు పడుకున్నాయి, కరెంటు స్తంభాలూ పడుకున్నాయి. అలాంటి రాత్రి తర్వాత ఇంట్లో పనికొచ్చేది తీగతో బతికేది కాదు, డబ్బాలో బతికేది.

నేను ఫ్రీజరుకు ఖిలాఫ్ కాదు. మా ఇంట్లోనూ ఉంది. కానీ హకీఖత్ ఒప్పుకుందాం: అటక ఎత్తులో ఉండేది, ఫ్రీజరు నేల మీద ఉంది. కురిడీకి తీగ అక్కర్లేదు, ఫ్రీజరుకు కావాలి. పాత రోజుల్లో గోష్తు వీధిలోకి వెళ్ళింది, ఇప్పుడు తలుపు వెనక నెలల తరబడి ఉంటోంది. ఖుర్బానీ నాడు మూడు హిస్సాలు చేసేటప్పుడు చెయ్యి ఏ కుప్ప మీద బరువుగా పడుతోందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

అందుకే మన ఇళ్ళకు నా మష్వరా ఇది. వానాకాలం ముందే పదిహేను రోజుల జఖీరా ఎత్తులో పెట్టండి: బియ్యం, కందిపప్పు, ఉప్పు, చింతపండు, నూనె, అటుకులు, సేమియా, ఎండుచేపలు, ఎండుకొబ్బరి, ఖర్జూరం, అగ్గిపెట్టెలు, మూత ఉన్న బిందెల్లో తాగేనీళ్ళు. పాతది ముందుకు, కొత్తది వెనక్కి. ఫ్రీజరు కింద ఎత్తైన దిమ్మ కట్టించండి. మాంసం ఒక పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా మైనస్ 18 డిగ్రీల్లో ఉంచండి. కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది. అంతకుమించి కరెంటు రాదనిపిస్తే, ఇంకా గడ్డగా ఉండగానే తీసి, వండి, వీధికి తినిపించండి. కరిగి వెచ్చబడింది, వరద నీళ్ళు తగిలింది మాత్రం ఎవరికీ పెట్టకండి, మీరూ తినకండి.

ఇక ఖుర్బానీ గోష్తు. ముందు పడోసీ హిస్సా, మిస్కీన్ హిస్సా గడప దాటాలి. ఆ తర్వాతే ఫ్రీజరు తలుపు తెరవాలి. పడోసీ ఏ మజ్‌హబ్‌వాడైనా సరే, ఖుర్బానీ గోష్తు తినని ఇంటికైతే ఒక కొబ్బరికాయో, ఓ గిన్నె షీర్‌ఖుర్మానో పంపొచ్చు. వరద రోజున పడవ తెచ్చేది ఆ ఇంటివాళ్ళే కావచ్చు.

అల్లాహ్ మన నేమత్‌ఖానాలలో బర్కత్ ఇవ్వాలి, వాటి తలుపులు పక్కింటివైపు కూడా తెరుచుకునేలా చేయాలి. ఆమీన్.