ఏటికొప్పాక లక్కపూత: తిరిగే పొర పుట్టుపూర్వోత్తరాలు

సిలికాన్ పలకను గిరగిరా తిప్పి, దాని మీద పోసిన చిక్కటి ద్రవాన్ని పలుచటి పొరగా పరుస్తారు. ఎలక్ట్రానిక్ చిప్పుల తయారీకి ప్రాణాధారమైన ఈ పద్ధతి చరిత్రను 1958తో మొదలుపెట్టడం పరిపాటి. ఆ ఏడాది ఎమ్‌స్లీ, బానర్, పెక్ అనే శాస్త్రవేత్తలు తిరిగే పళ్లెం మీద జిగట ద్రవం ఎలా పారుతుందో లెక్కగట్టారు. మొదట ఎగుడుదిగుడుగా ఉన్న పొర కూడా తిరిగేకొద్దీ సమమవుతుందనీ, వేగం రెట్టింపైతే చివరికి మందం సుమారు సగానికి తగ్గుతుందనీ తేల్చారు. సమీకరణానికి అది మొదలే గానీ, పనితనానికి కాదు. తిరిగే వస్తువు మీద జిగట పదార్థాన్ని పలుచగా, సమంగా నిలపడం అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కపిడతలు చేసేవారికి తరతరాల విద్య.

అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి, సాగి, కర్రను చుట్టుకుంటుంది. మొగలి రేకుతో ఒత్తి నునుపు చేస్తారు. ఇక్కడ పొరను పరిచేది చేతి ఒత్తిడే తప్ప అపకేంద్ర బలం కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఆ బలం పళ్లెం మీది ద్రవాన్ని అంచుకు తోస్తుంది, గుండ్రటి కర్ర మీది ద్రవాన్ని బయటికి విసరబోతుంది. కాబట్టి చిప్పుల పూత లక్కపూత నుంచి పుట్టిందని నేననను. రెండింటి చిక్కుముడి మాత్రం ఒకటే: పరుచుకునేదాకా పారాలి, పరుచుకోగానే ఆగాలి. తిరిగే స్థూపం ఎంత ద్రవాన్ని మోయగలదో 1977లో శాస్త్రవేత్త మోఫాట్ చూపాడు. జిగటా వేగమూ పెరిగితే మోత పెరుగుతుంది, హద్దు దాటితే పొర నిలవదు. పలకల మీద ద్రావణి ఆవిరై ద్రవం చిక్కబడటమే తుది మందాన్ని నిర్ణయిస్తుందని 1978లో పరిశోధకుడు మేయర్‌హోఫర్ వివరించాడు. లక్కలో ఆ పని చల్లదనం చేస్తుంది.

సమీకరణం లేనిది శాస్త్రమెలా అవుతుందన్నది మరో అభ్యంతరం. లెక్క లేకుండా కొత్త పదార్థానికి ఫలితం ముందే చెప్పలేమన్నది ఒప్పుకోవలసిందే. కానీ వేగం, వేడి, ఒత్తిడి మూడింటినీ అదుపులో పెట్టి, కోరిన పొరను మళ్లీమళ్లీ రాబట్టడం ప్రయోగ జ్ఞానం కాక మరేమిటి? ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికి సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాలు కళకు దక్కినవి. అందులోని విజ్ఞానానికి మన ఇంజనీరింగ్ కళాశాలల ద్రవగతిశాస్త్ర పాఠాల్లోనూ చోటివ్వాలి.