స్త్రీలకు హెచ్.ఐ.వి. సంక్రమించుటకు గల హేతువులు

హెచ్.ఐ.వి. యనునది మానవదేహమునందలి రక్షకకణములలో ముఖ్యములైన సి.డి.4 కణములను ఆశ్రయించి, వానిని క్రమముగ నశింపజేయు వైరస్సు. మన దేశమున దీని జాడను 1986లో మదరాసునందు డాక్టరు సునీతి సాల్మన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల కనుగొనిరి. నాడు పరీక్షింపబడిన రక్తము పడుపువృత్తియందున్న స్త్రీలది యగుటచే, ఈ వ్యాధి నడవడి చెడినవారికే వచ్చునను నమ్మకము జనులలో నాటుకొనిపోయినది. ఆ నమ్మకమువలన కలిగిన హాని యింతింత యనరాదు. ఏలయన, స్త్రీకి ఈ వ్యాధి సోకుట ఆమె నడవడికంటె ఆమె భర్త నడవడిమీదను, ఆమె శరీరనిర్మాణముమీదను, ఇంటిలో ఆమె మాటకు గల విలువమీదను ఎక్కువగా ఆధారపడియుండును.

ఇందుకు నిదర్శనము పూణే. 1993-96 సంవత్సరములలో అచ్చటి సుఖవ్యాధుల చికిత్సాలయములకు వచ్చిన స్త్రీలలో పడుపువృత్తితో సంబంధము లేని 391 మందిని పరీక్షింపగా, నూటికి 13.6 వంతున వైరస్సు కానవచ్చెను. వారిలో పెక్కుమంది భర్తనుతప్ప పరపురుషు నెరుగని యిల్లాండ్రు.

శరీరధర్మమును విచారింతము. యోనియందును, గర్భాశయముఖమునందును గల సున్నితమైన పొర విశాలమైనది. వీర్యము దానిపై చాలసేపు నిలిచియుండును. కావుననే, చికిత్స లేని స్థితిలో, ఒక్కొక్క సంగమమున పురుషునినుండి స్త్రీకి వ్యాధి సోకు అవకాశము, స్త్రీనుండి పురుషునికి సోకు అవకాశమునకు ఇంచుమించు రెట్టింపని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. లేబ్రాయపు బాలికలలో గర్భాశయముఖముపైని కణములు కొంతమేర ఒకే వరుసగా నుండును. వయస్సు వచ్చినకొలది వాని స్థానమున అనేక వరుసల గట్టిపొర యేర్పడును. చిన్ననాటి పెండ్లి యీ విధముగ గూడ ఆడుపిల్లకు శత్రువు.

ఆరోగ్యవతియైన స్త్రీయందు లాక్టోబాసిల్లసు అను మేలుచేయు సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి యోనిని కాపాడుచుండును. అవి సన్నగిల్లినను, సవాయి, సెగ, హెర్పిస్ మొదలగు సుఖవ్యాధులవలన పుండ్లో, వాపో కలిగినను, వానిని మాన్పుటకై రక్షకకణములు అచ్చటికి గుమిగూడును. ఈ వైరస్సు వెదకునది ఆ కణములనే గదా! కాపలాకు వచ్చినవారే శత్రువునకు ఆహారమగుదురు. శుభ్రత పేర సబ్బులతో లోపల కడుగుకొనుటయు ఆ మేలుజీవులను పోగొట్టును. గర్భనిరోధక సూదిమందు ఈ వ్యాధి సోకు అవకాశమును పెంచునేమో యని చాలకాలముగ నున్న అనుమానమును తీర్చుటకై నాలుగు ఆఫ్రికా దేశములలో 7,829 మంది స్త్రీలపై జరిపిన పరిశీలన 2019లో ముగిసినది. ఇతర గర్భనిరోధక సాధనములతో పోల్చగా చెప్పదగినంత భేదము కానరాలేదు.

అయినను శరీరముకంటె సంసారమే బలీయమైన హేతువని చెప్పవలసియున్నది. నిరోధు పురుషుని చేతిలోని సాధనము. నెలలతరబడి లారీపైనో, దూరదేశపు కూలిపనిలోనో గడిపి యింటికి వచ్చిన భర్తను దానిని వాడుమని భార్య కోరెనా, “నామీద అనుమానమా? లేక నీకే యేమైన ఉన్నదా?” యని ఎదురుప్రశ్న వచ్చును, కొన్ని యిండ్లలో దెబ్బలును పడును. గుంటూరు, ప్రకాశము, తూర్పుగోదావరి జిల్లాలలో వ్యాధి ప్రబలియున్న దినములలో ఎందరో యువతులకు తమ స్థితి తొలికాన్పు పరీక్షలలోనే తెలిసినది. ముందుగా పరీక్షింపబడినది కోడలి రక్తమగుటచే రోగమును ఇంటికి తెచ్చినదియు కోడలే యని అత్తవారు తీర్మానించిరి. ఎవరి రక్తము ముందు పరీక్షింపబడెనను దానినిబట్టి దోషమెవరిదో నిర్ణయించుట ఘోరమైన అన్యాయము.

నేడు ఉపాయములు లేకపోలేదు. వైరస్సును అణచు ఏ.ఆర్.టి. మందులు విడువక వాడి, రక్తమున వైరస్సు కానరానంతగా తగ్గినవారినుండి సంగమముద్వారా వ్యాధి సోకదు. ఏడాదికి రెండుమారులు వేయు లెనకాపవిర్ సూదిమందును దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 2,134 మంది యువతులకు ఇచ్చి చూడగా, వారిలో ఒక్కరికైనను వ్యాధి సోకలేదని 2024లో తేలినది. అత్యాచారము వంటి ఆపద జరిగినచో 72 గంటలలోపల, ఎంత త్వరగానైన అంత మేలుగా, వ్యాధి సోకకుండ ఆపు మందులు ప్రారంభించి 28 దినములు వాడవలెను. ప్రభుత్వాసుపత్రులలో హెచ్.ఐ.వి. రక్తపరీక్ష ఉచితము, ఫలితము గోప్యము. భర్తయు భార్యయు కలిసి వెళ్లవలెను. సందేహమున్నవారు 1097 నంబరునకు ఫోను చేయవచ్చును.