కత్తి మొనకు చోటు

బట్టలు కత్తిరించే యంత్రాల చరిత్ర ఎక్కడ చదివినా కథ కత్తితో మొదలై కంప్యూటరుతో ముగుస్తుంది. చేతి కత్తెర పోయి బ్యాండ్ నైఫ్ వచ్చింది, ఆ తర్వాత కరెంటు కత్తి, ఆపైన మనిషి చెయ్యి పడకుండా తనంతట తానే కోసే యంత్రం. ఈ వరుసలో తప్పేమీ లేదు గానీ, అందులో బల్ల కనబడదు. పొరలన్నీ దాటి కిందికి వచ్చిన కత్తి చివరికి దేనికి తగులుతుందో ఎవరూ పట్టించుకోరు. ఈ నూట అరవై ఏళ్ల చరిత్రను పైనుంచి కాక అడుగునుంచి చదివితేనే సరిగ్గా అర్థమవుతుందని నా వాదన. అడుగు పొర పూర్తిగా తెగాలంటే కత్తి దాన్ని దాటి ఇంకొంచెం కిందికి పోవాలి. ఆ కొంచెం చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రతి తరం యంత్రమూ ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పింది. 1960ల చివర్లో అమెరికాలో దొరికిన జవాబు ప్లాస్టిక్ ఫోమ్, దాని కింద గాలి లాగే పంపు.

1858లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జాన్ బారన్ అనే దుస్తుల వ్యాపారి, కొయ్య కోసే బ్యాండ్ రంపాన్ని చూసి, దానికి పళ్లు తీసేసి పదునైన అంచు పెడితే బట్టకూ పనికొస్తుందని గ్రహించాడు. ఆ ఊరిదే అయిన గ్రీన్‌వుడ్ అండ్ బాట్లీ కంపెనీ దాన్ని తయారు చేసిపెట్టింది. కత్తెర ఒకటి రెండు పొరలు కోసే చోట ఇది ఒక దొంతరనే కోసేది. లీడ్స్ రెడీమేడ్ దుస్తులకు పెద్ద కేంద్రం కావడంలో దీని పాత్ర చిన్నదేమీ కాదు. అయితే ఇందులో కత్తి ఉన్నచోటే ఉంటుంది. ఉక్కు పట్టీ బల్లలోని సన్నని సందు గుండా ఆగకుండా కిందికి దిగుతూ ఉంటుంది. కదలాల్సింది బట్టే. కాబట్టి పెద్ద దొంతరను ముందు తునకలు చేసుకుని, ఒక్కో తునకనూ చేత్తో పట్టుకుని కత్తి ముందు తిప్పాలి. కత్తికి చోటు దొరికింది గానీ, బల్ల మొత్తానికీ ఒక్కచోటే దొరికింది.

1888లో అమెరికాలోని బఫెలోలో మొదలైన ఈస్ట్‌మన్ మెషీన్ కంపెనీ (కొడాక్ ఈస్ట్‌మన్ వేరు) ఈ ఏర్పాటును తిరగేసింది. పైన మోటారు, దాని కింద నిటారుగా పైకీ కిందికీ ఆడే కత్తి, కత్తి అడుగున పలుచని లోహపు పీఠం. పీఠం దొంతర కిందికి దూరుతుంది, కత్తి మొన ఆ పీఠంలోని గాడిలో ఆడుతుంది. అంటే బల్లలో ఉన్న సందును తీసి యంత్రం కాలికి కట్టారన్నమాట. బట్ట బల్ల మీద కదలకుండా ఉంటే కత్తే తన చోటును వెంటబెట్టుకుని తిరుగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటంటే, స్ట్రెయిట్ నైఫ్ అనే ఈ యంత్రం మన దేశపు దుస్తుల కర్మాగారాల్లో ఈనాటికీ తిరుగుతూనే ఉంది. దానికున్న లోపం ఒక్కటే: పీఠం మందం మేరకు బట్ట లేస్తూ పడుతూ ఉంటుంది, ఆ కదలికను సర్దడానికి మనిషి కావాలి.

ఆ మనిషికి, అంటే కటర్‌కు, రెండు చేతులకూ రెండు పనులు. కుడి చెయ్యి పిడి పట్టుకుని గీత వెంట కత్తిని నడుపుతుంది. ఎడమ చెయ్యి కత్తి పక్కనే దొంతరను అదిమిపట్టి ఉంచుతుంది. ఉక్కు కడియాలతో అల్లిన తొడుగు వేసుకునేది ఆ చేతికే. బట్టకు తనదంటూ బిగువు లేదు. నెడితే ముడత పడుతుంది, లాగితే సాగుతుంది, పై పొర ఒకవైపు జారితే కింది పొర ఇంకోవైపు జారుతుంది. వంద పొరల దొంతరలో పైనున్న చొక్కా చెయ్యీ అడుగునున్న చొక్కా చెయ్యీ ఒకే కొలతకు రావాలంటే ఆ ఎడమచేతి ఒడుపే దిక్కు. ఒక్క గీత తప్పితే వంద చొక్కాలు చెడతాయి. న్యూయార్కులో ఆడవాళ్ల దుస్తుల కార్మిక సంఘంలో కటర్లు లోకల్ 10 అని వేరే శాఖగా ఉండడానికీ, కుట్టేవాళ్ల మధ్య వాళ్లకో ప్రత్యేక హోదా ఉండడానికీ ఈ పనితనమే ఆధారం. యాంత్రీకరణ గురించి రాసేవాళ్లు కుడిచేతి పని యంత్రానికి ఎలా వెళ్లిందో చెప్పి ఊరుకుంటారు. ఎడమచేతి పని ఎవరు అందుకున్నారో అడగరు.

హైంజ్ జోసెఫ్ గెర్బర్ 1924లో వియన్నాలో పుట్టాడు. నాజీల బారినుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరాడు. 1948లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో కంపెనీ పెట్టాడు. 1960ల నాటికి ఆ కంపెనీ డ్రాయింగులను కంప్యూటరు లెక్క ప్రకారం గీసే పెద్ద పెద్ద ప్లాటర్ బల్లలు తయారు చేస్తోంది. కుడిచేతి పని, అంటే చెప్పిన గీత వెంట తప్పకుండా నడవడం, అప్పటికే అదుపులో ఉందన్నమాట. కలం తీసి కత్తి బిగిస్తే చాలదా? కలం నడిచినంత మాత్రాన కాగితం కదలదు. కత్తి దిగితే దొంతర కదులుతుంది. పైగా పైనుంచి దిగే కత్తికి అడుగున పీఠం ఉండదు కాబట్టి, గీత ఎటు తిరిగితే అటు, బల్లమీద ఎక్కడైనా సరే, మొనకు చోటు ఉండి తీరాలి. 1970 ప్రాంతంలో గెర్బర్ పేర మంజూరైన పేటెంట్లలో ఈ రెండు చిక్కులకూ ఒకే ఏర్పాటు కనబడుతుంది. అడుగున కత్తి దూరగల, గాలి పోగల మెత్తని పరుపు. దానిమీద బట్ట పొరలు. అన్నిటిమీదా పలుచని ప్లాస్టిక్ షీటు. కిందినుంచి గాలి లాగేస్తే పైనున్న వాతావరణమే దొంతరను అదుముతుంది. పూర్తి శూన్యమైతే చదరపు మీటరు మీద 10 టన్నుల బరువు పడుతుంది. అందులో పదో వంతు సాధించినా 1 టన్ను. పొరల మధ్య గాలి పోయి, వదులుగా ఉన్న బట్టంతా ఒకే గట్టి దిమ్మె అవుతుంది. కటర్ ఎడమచెయ్యి బెత్తెడు మేర చేసే పని బల్లంతటా ఒకేసారి జరుగుతుంది.

అలాంటి పరుపుకు ఏ సరుకు వాడాలి? కావలసిన గుణాలు ఒకదానితో ఒకటి పొసగవు. కత్తి దూరాలంటే మెత్తగా ఉండాలి, టన్ను బరువుకు కుంగకూడదంటే గట్టిగా ఉండాలి. గాలి నిలువునా ధారాళంగా పోవాలి గానీ పక్కలకు కారకూడదు. కత్తి పదును చెడగొట్టకూడదు. చవగ్గా ఉండాలి, ఎందుకంటే పాడవక తప్పదని ముందే తెలుసు. అప్పటికి ఇరవై ఐదేళ్లు వెనక్కి వెళితే ఇలాంటి సరుకు బజారులోనే లేదు. ఒట్టో బేయర్ జర్మనీలో 1937లోనే పాలీయురేథేన్‌కు దారి వేసినా, దాని మెత్తటి ఫోమ్ పెద్ద ఎత్తున తయారైంది 1950లలో. బీఏఎస్ఎఫ్ కంపెనీ నురగ పాలీస్టైరీన్ ఊపందుకున్నదీ అప్పుడే. పరుపులకూ ప్యాకింగుకూ పుట్టిన సరుకును కత్తి కిందికి తెచ్చారు. కొన్ని ఫోములలో గాలి గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, వాటి గుండా గాలి పోతుంది. కొన్నిటిలో దేనికది మూసుకుని ఉంటుంది, వాటికి నిలువునా రంధ్రాలు పొడవాలి. మూసుకున్న రకమే బరువుకు బాగా ఆగుతుంది కాబట్టి ఆ అదనపు చాకిరీ తప్పదు.

ఫోమ్ పనిచేసింది, కానీ ఎక్కువ కాలం పనిచేయలేదు. కత్తి వెళ్లిన ప్రతిచోటా గాటు మిగులుతుంది. రెండు గాట్లు కలిసిన మూల చిన్న ముక్క ఊడుతుంది. ఆ పొడి గాలి గొట్టాల్లోకి పోతుంది, బట్టకూ అంటుకుంటుంది. గాట్లు పెరిగేకొద్దీ గాలికి పక్కదారులు దొరుకుతాయి, పంపు ఎంత లాగినా అదుము తగ్గుతుంది. ముక్క ఊడిన చోట అడుగు పొరకు ఆనిక ఉండదు, కత్తి దాన్ని కోసే బదులు గుంటలోకి తోస్తుంది. నిమిషానికి వేలసార్లు ఆడే కత్తి వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అంటుకునే బెడద వేరే. గట్టి ఫోమ్ వేస్తే ముక్కలు రాలడం, మెత్తది వేస్తే కుంగడం. దీన్నంతా నిర్వహణ లోపమని కొట్టిపారేయలేం. చోటు ఇవ్వడమంటే ఫోమ్ విషయంలో తనను తాను కోయించుకోవడమే, కాబట్టి అరుగుదల దాని స్వభావంలోనే ఉంది.

విరుగుడు కొత్త సరుకులో కన్నా కొత్త అమరికలో దొరికింది. 1980లో గెర్బర్‌కు మంజూరైన పేటెంటులో పరుపు స్థానంలో కుంచె ఉంది: దగ్గర దగ్గరగా నిటారుగా నిలబెట్టిన ప్లాస్టిక్ పోచలు, వాటి కొసలన్నీ ఒకే మట్టంలో. కత్తి మొన పోచల మధ్య దిగుతుంది, అవి పక్కకు తొలిగి, కత్తి దాటగానే మళ్లీ నిలబడతాయి. గాలి వాటి సందుల్లోంచే పోతుంది. ఇవాళ ఇవి సుమారు 10 సెంటీమీటర్ల చదరపు దిమ్మెలుగా వస్తాయి, అరిగినదాన్ని ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. కన్వేయరు పట్టాలకు బిగిస్తే బల్లే ముందుకు నడుస్తుంది. నిజానికి ఈ సూత్రం మన మాంసం కొట్లలోని చింతమొద్దులో ఉన్నదే. చెట్టు బోదెను అడ్డంగా కోసి నిలబెడితే దెబ్బ నార పోగుల మధ్యకు దిగుతుంది, మొద్దు చీలదు. తోలు కోసే ప్రెస్సుల కింద కూడా పూర్వం ఇలా నార నిలువుగా ఉండే చెక్క దిమ్మెలే పెట్టేవాళ్లు. గాలి పోనిచ్చే చింతమొద్దును తయారు చేయడానికి ప్లాస్టిక్ యుగానికి పదేళ్లకు పైగా పట్టిందన్నది నాకు కాస్త నవ్వు తెప్పించే సంగతి.

ఇదంతా సరే, కంప్యూటరు లేకపోతే పరుపు ఎంత మంచిదైతే ఏం లాభం అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సైజులు, మార్కర్లు (బట్ట మీద ముక్కలు ఎలా అమరాలో చూపే పటాలు) అంకెల్లోకి మారకపోతే ఈ యంత్రానికి ఎక్కడ కోయాలో తెలియదు. కానీ అంకెల ప్రకారం గీత గీయడం 1960ల మధ్యకే సాధ్యమైంది. అయినా బట్ట కోయడం సాధ్యం కాలేదు. మధ్యలో లోపించినదాన్నే నిర్ణాయకం అనాలి. దీనికి ఎదురు సాక్ష్యంగా లేజర్‌ను చూపించవచ్చు. 1971 నాటికి హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ జెనెస్కో దుస్తుల కంపెనీ కోసం లేజర్ కటర్ తయారు చేసింది. కాంతికి మొన లేదు, నెట్టడం లేదు, పరుపు అక్కర్లేదు. అయితే అది ఒక్కో పొరే కోసేది; పొరలు పేరిస్తే కాలిన అంచులు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది. ఒకే నమూనాలో వేల దుస్తులు కావలసిన కర్మాగారంలో దొంతర కోసే కత్తే గెలిచింది. దాన్ని గెలిపించింది అడుగున ఉన్న పరుపు. ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది: దొంతర ఎత్తుగా ఉన్నప్పుడు మలుపుల్లో కత్తే వంగి, పై పొరకూ కింది పొరకూ కొలత తేడా వస్తుంది. ఈ తప్పును పరుపు దిద్దలేదు. కత్తి ఒరగడాన్ని పసిగట్టి సరిచేసే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి, ఆ మేరకు చరిత్రలో కత్తి వాటా కత్తికి ఇవ్వాల్సిందే.

కుంచె వచ్చాక ఫోమ్ కథ ముగిసిందనుకోవడం కూడా పొరపాటే. ఎత్తైన దొంతరకు లోతైన చోటు కావాలి, అందుకు కుంచె. కార్బన్ ఫైబర్ వస్త్రం, కారు సీట్ల తోలు, ప్యాకింగు అట్ట వంటివి ఇవాళ ఒక్కో పొరగా కోస్తున్నారు. అక్కడ కత్తి అడుగుకు దిగేది మిల్లీమీటరులో కొద్ది భాగమే. అంత తక్కువ లోతుకు గాలి పోయే ఫెల్టు, రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకలు చాలు. అవి గాట్లు పడతాయి, మారుస్తారు, ఆ ఖర్చును లెక్కలో ముందే వేసుకుంటారు. కొయ్య చెక్కే సీఎన్‌సీ రూటర్లలో కొన్ని ఎండీఎఫ్ పలకనే ఈ పనికి వాడతాయి: బిగువైన పై పొరను గీకేస్తే మిగతా పలక గుండా గాలి లాగవచ్చు, గాట్లు ఎక్కువైనప్పుడు మళ్లీ కాస్త చెక్కి మట్టం చేసుకోవచ్చు. దొంతర యంత్రాల్లో మాత్రం మరో లెక్క ఇంకా తేలలేదు. 1973లో ఫ్రాన్సులో పుట్టి 2021లో గెర్బర్ టెక్నాలజీని కొనేసిన లెక్ట్రా యంత్రాలైనా, మరొకరివైనా, ప్రతి దొంతర మీదా కొత్త ప్లాస్టిక్ షీటు పరవాలి, కోత సాగేకొద్దీ గాటు పడిన చోట మళ్లీ కప్పాలి, పని అయ్యాక అంతా చెత్తలో పడేయాలి. పంపు తినే కరెంటూ తక్కువేమీ కాదు; అందుకే బల్లను భాగాలు చేసి కత్తి ఉన్న మేరకే గాలి లాగే పద్ధతులు వచ్చాయి. కర్మాగారాల్లో ఈ యంత్రం పక్కనే స్ట్రెయిట్ నైఫ్ కూడా నిలిచి ఉండడానికి చవక కూలీ ఒక్కటే కారణమని చాలామంది అంటారు. ఒక యాభై చొక్కాల చిన్న ఆర్డరు కోసం షీటు పరిచి, పంపు తిప్పి, దిమ్మెలు అరగదీయడం గిట్టదన్న లెక్క కూడా అందులో ఉందని నేననుకుంటాను.