గుండ్లకమ్మ తీరమున మూడు నియమములు

ఆనాడు నెల్లూరు మండలమునకు ఉత్తరపు కొసయై యుండిన ఒంగోలు సీమలో, చెప్పులు కుట్టియు తోళ్ళు పదునుచేసియు జీవించు మాదిగ కుటుంబములు వేలసంఖ్యలో క్రైస్తవమతమును స్వీకరించిన వృత్తాంతమును చెప్పవలసి వచ్చినపుడు, చరిత్ర వ్రాయువారు తఱచుగా ఒకే యొక దినమును స్మరింతురు. 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య పెద్దది, పెద్దసంఖ్యకు పేరు కూడ త్వరగా వచ్చును. నాకు మాత్రము ఆ దినముకంటె దానికి ముందు గడచిన పండ్రెండేండ్లే ముఖ్యములని తోచుచున్నది. ఏలయన, పాపమును విడిచి క్రొత్త జీవనము నారంభించుట యనగా ఒక పల్లెలో ఒక పేదకుటుంబము ఏమేమి వదలుకొనవలసి వచ్చెనో తేలినది ఆ యేండ్లలోనే.

అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరు చేరిరి. పదేండ్లు దాటినను సంఘమున చేరినవారు అతిస్వల్పముగా నుండుటచేత, ఈ పనిని చాలించుకొందమా యని వారి దేశములోని పెద్దలు సభలలో తర్జనభర్జన పడిరి. 1854 జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మఱి కొందఱు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై మోకరించి చేసిన ప్రార్థనవలన ఆ కొండకు ప్రార్థనకొండ యను పేరు నిలిచినది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అను యువకుడు, పూర్వాశ్రమమున భూములు కొలిచిన సర్వేయరు, ఒంగోలులో కాపురము పెట్టెను. మఱుసటి సంవత్సరము జనవరి 1న అచ్చట స్థాపితమైన సంఘమున సభ్యులు ఎనిమిది మందియే.

క్లౌ దొరకు ముందే ఈ కథకు మూలపురుషుడొకడు కలడు. అతడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట సుమారు నలువది మైళ్ళ దూరపు పల్లెవాడు, జాతికి మాదిగ, వృత్తికి తోళ్ళ వర్తకుడు, సాధనకు రాజయోగి. గురూపదేశము పొంది ఏండ్లతరబడి ధ్యానము చేసినను మనశ్శాంతి కుదరక, వర్తకమునకై గోదావరి సీమకు పోయినపుడు క్రైస్తవబోధ విని, తాను వెదకుచుండినది ఇదియే యని నిశ్చయించుకొనెను. 1866లో బాప్తిస్మము పొంది, తన బంధువర్గములో తానే బోధకుడయ్యెను. మన యోగిసంప్రదాయమున ఆరితేరిన జిజ్ఞాసువే ఈ ఉద్యమమునకు బీజమైనాడను సంగతి, ఇది సర్వము పాశ్చాత్యుల సృష్టి యని తలంచువారు గమనింపదగినది. 1867 జనవరిలో క్లౌ దొర పేరయ్య పల్లె ప్రాంతమునకు పోయి గుడారము వేయించినపుడు, చుట్టుపట్ల పల్లెలనుండి జనులు తిండిమూటలతో వచ్చి దినముల తరబడి విని, 28 మంది బాప్తిస్మము పొందిరి.

వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేటి పాఠకునకు ఇవి బాహ్యాచారములుగా కనిపింపవచ్చును. కాని ఆనాటి పల్లెకట్టుబాటును కొంచెము దగ్గఱగా చూడవలెను. రైతు ఇంట ఎద్దు చచ్చినచో దానిని ఈడ్చుకొనిపోవుట మాదిగవాని విధి. తోలు వలిచి, సున్నపునీటిలో నానబెట్టి, తంగేటి చెక్కతో లందలో పదునుచేసి, ఆ రైతునకే చెప్పులు, మోటకు తోలుబాన, కాడికి వారులు కుట్టి యీయవలెను. అందులకు ప్రతిఫలముగా కళ్ళము కడ కొంత ధాన్యము దొరకును, పశువు మాంసమును దక్కును. కఱవుదప్పని కుటుంబములలో ఆ మాంసమే పలుమారు ఏకైకాహారము. దానిని మానుకొమ్మనుట యనగా ఆకలిని వరించుమనుటయే. గ్రామదేవత కొలువునకు డప్పు కొట్టుట మాదిగవాడవారి వంశపారంపర్యపు బాధ్యత. విగ్రహపూజ మానినవాడు డప్పు దించకతప్పదు, దించినవాడు ఊరంతటికి అపరాధి. ఇక ఆదివారపు విషయము: వెట్టికి ఏనాడు పిలిచినను రావలసిన మనుష్యుడు, ఏడుదినములలో ఒకదినము రానని చెప్పెను. కరణమునకును మునసబునకును వేదాంతవాదములకన్న ఈ యొక్కమాటయే మిక్కిలి దుస్సహమైనది.

ఫలితము వెంటనే కనిపించెను. కొన్నియూళ్ళలో నూతన క్రైస్తవులకు నీళ్ళు కట్టుపడినవి, చాకలి రాడయ్యెను, అంగడిలో ఉప్పు పప్పులు దొరకవయ్యెను, దొంగతనము మోపి ఠాణాకు పంపుటయు కలదు. ఒంగోలు పట్టణములోను ఇట్లే జరిగెను. మిషను పాఠశాలకు పిల్లలను పంపుచుండిన అగ్రవర్ణములవారు, మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని స్పష్టముగా తెలియజేయగా, క్లౌ దంపతులు బైబిలు చూచుకొని, అగ్రవర్ణముల పిల్లలను వదలుకొనుటకు సిద్ధపడిరి. బడి ఖాళీయయ్యెను. ఈ నష్టములన్నియు సహించి నిలిచినవారిని చూచినపుడే, పశ్చాత్తాపము ఒకనాటి కన్నీటితో ముగిసిపోక, ఆహారమునకును కూలికిని సంబంధించిన నిత్యనిర్ణయముగా మాఱినదని మనకు బోధపడును.

అంతలో 1876–78 నాటి మహాక్షామము వచ్చెను. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును క్లౌ దొర కంట్రాక్టు పుచ్చుకొని, వేలకొలది బీదలకు కూలి కల్పించెను. పలుగును పారయు తట్టయు పట్టిన జనుల నడుమ తెలుగు బోధకులే మేస్త్రీలుగా తిరుగుచు, పని మందగించినచోట కూర్చుండి, అలసినవారిని పిలిచి విశ్రాంతి నిచ్చెదనన్న యేసువాక్యమును వినిపించిరి. బాప్తిస్మము కోరినవారు కోకొల్లలు. అయినను, బియ్యమునకై వచ్చినారను నింద తగులునని యెఱిగి, దొర 15 మాసములు ఒక్కనికైనను బాప్తిస్మ మీయలేదు. సహాయకార్యము ముగిసి, చేతిలో పంచుటకు ఏమియు మిగులనపుడే నదికి దారి తెఱచెను. 1878 జూలై 2న 614, 3న 2,222, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు తెలుగు బోధకులు వంతులవారీగా ఇద్దఱిద్దఱు నీటిలో నిలిచి ఆ కార్యమును నడిపిరి. దొర నీళ్ళలో దిగలేదు. ఈ యంశమును మన పాఠ్యగ్రంథములు దాదాపు ఎన్నడును చెప్పవు.

వచ్చినవారందఱును నిలిచిరా? లేదు. మరల డప్పు పట్టినవారును, మాంసము ముట్టినవారును ఉండిరి; సంఘమునుండి పేరు కొట్టివేయబడినవారును ఉండిరి. నిలిచినవారి వెనుక మాత్రము ఒక యంత్రాంగముండెను. బోధకులు మూడుమాసముల కొకమారు ఒంగోలులో కూడి, ఏ పల్లెలో ఎవరు తప్పిరి, ఎవరు లేచిరి యని దొర యెదుట నివేదించుచుండిరి. పూర్వపు కులపంచాయతి పెద్దలే సంఘపెద్దలై తగవులు తీర్చుచుండిరి. ఒంటరి మనుష్యుడు తన దుర్వ్యసనముతో తానే పెనుగులాడుట కాక, వాడ యంతయు కలసి ఒకరినొకరు కాచుకొనుట వలననే ఆ మార్పు తరములు దాటి నిలిచినదని నా యభిప్రాయము.

అయితే ఆ బలమునందే ఒక లోపమును దాగియున్నది. కులము కులముగా కదలివచ్చిన సంఘము కులపు గోడను కూడ మోసికొనివచ్చెను. ఒంగోలు బాప్టిస్టు సంఘములలో అధికసంఖ్యాకులు మాదిగలు. గుంటూరు లూథరను సంఘములలో అధికసంఖ్యాకులు మాలలు. ఒకే గ్రంథము చదువుచు, ఒకే క్రీస్తును కొలుచుచు, పెండ్లిసంబంధముల కడ ఈ రెండు వర్గములును బహుకాలము దూరముగనే నిలిచినవి. ఆ మూడు నియమములలో ఈ గోడను గుఱించి ఒక్కమాటయు లేకపోయెను. దానిని పాపమని పేర్కొనుటకు తెలుగు సంఘములు పిమ్మట చాల కాలము తీసికొనినవి.