వ్రేలి కొసన అక్షరం

మొన్నటి వసంత పంచమినాడు బ్రాక్‌నెల్‌లో మాకు తెలిసినవారి ఇంట ఒక నాలుగేళ్ళ పిల్లవానికి అక్షరాభ్యాసం జరిగింది. తాతగారు వానిని ఒడిలో కూర్చోబెట్టుకొని, పళ్ళెంలో పరచిన బియ్యంపై వాని వ్రేలు పట్టుకొని ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని వ్రాయించారు. ఫోను తెరపై బొమ్మలను జరపడం వానికి అప్పటికే బాగా అలవాటు. బియ్యం వ్రేలికి అడ్డుపడేసరికి మొదట నవ్వాడు. తరువాత చెయ్యి వెనుకకు లాక్కున్నాడు. తాతగారు వదలలేదు. చూడవచ్చినవారిలో వాని తండ్రి యీడు వారు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడగలరు కాని చదవలేరు. ఇంటికి ఫోనులో సందేశం పంపవలసి వస్తే తెలుగు మాటలనే ఇంగ్లీషు లిపిలో కొట్టి పంపుతారు. మా ఇంట్లోనూ అంతే. కాబట్టి ఆ బియ్యపు పళ్ళెం నాకు వేడుకగా మాత్రమే కనిపించలేదు.

మన భాషలో చదువు మొదలుపెట్టడాన్ని ‘ఓనమాలు దిద్దడం’ అంటాము. ‘ఓం నమః’ అన్న ఆ తొలి మాటలే ఓనమాలైనాయి. అంతకంటె ఆలోచింపజేసేది ‘దిద్దడం’ అన్న మాట. బొట్టు దిద్దుతాము, కాటుక దిద్దుతాము, తప్పు దిద్దుతాము, అక్షరమూ దిద్దుతాము. ఉన్న గీత మీదనే మళ్ళీ మళ్ళీ చేతిని నడిపి సరిచేయడం దిద్దడం. వెనుకటి వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాసేవారు. గుంటలుగా చేసిన అక్షరాలలో వ్రేలు నడిపించే ‘గుంట ఓనమాలు’ ఇప్పటికీ నుడికారంగా మిగిలి ఉన్నాయి. పిల్లవాడు ముందు అక్షరాన్ని కంటితో గుర్తించి ఆ పిమ్మట చేతితో వ్రాయాలని ఆ పంతుళ్ళు అనుకోలేదు. చెయ్యి నేర్చుకుంటే కన్ను దాని వెంట వస్తుందని వారి పద్ధతి.

ఈ పద్ధతికి ఇటీవల ప్రయోగశాలల నుండి కొంత సాక్ష్యం లభించింది. ఫ్రాన్సులో మరియెక్ లోన్కాం, ఆమె సహచరులు 2005లో ఒక పరిశోధన ప్రకటించారు. మూడు నుండి అయిదేళ్ళ లోపు పిల్లలు 76 మందిని తీసుకొని కొందరికి అక్షరాలను చేతితో వ్రాయించీ, కొందరికి కీబోర్డుపై కొట్టించీ నేర్పారు. వారిలో కాస్త పెద్ద పిల్లల విషయంలో, చేతితో వ్రాసినవారే అక్షరాలను మెరుగుగా గుర్తుపట్టారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ 2012లో ఇంకా చదవడం రాని పిల్లల మెదడును పరిశీలించారు. తాము చేతితో వ్రాసి నేర్చిన అక్షరాలను చూసినప్పుడు, చదువరుల మెదడులో పనిచేసే భాగాలే ఆ పిల్లలలోనూ చురుకైనాయి. కీబోర్డుపై కొట్టి నేర్చిన అక్షరాలకు అలా జరగలేదు. ఇవి చిన్న ప్రయోగాలే. వీటిని పట్టుకొని తెరలన్నీ మూసివేయాలని నేను అనను. అయినా మీట నొక్కితే ‘అ’కూ ‘ఱ’కూ చేతికి తేడా ఏమున్నది? వ్రాసినప్పుడు మాత్రం ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క నడక ఉంటుంది.

తెలుగు నేర్చే పిల్లలకు ఈ నడక మరీ ముఖ్యం. ‘వ’ పక్కన ఒక కొమ్ము సాగితే ‘మ’ అవుతుంది. ‘ర’ నడుమ చుక్క పడితే ‘ఠ’ అవుతుంది. ‘ద’, ‘ధ’, ‘థ’ మూడింటికీ ఒత్తులోనూ చుక్కలోనూ మాత్రమే భేదం. కంటికి ఇవన్నీ ఒకే కుటుంబం వారిలా కనబడి తికమక పెడతాయి. చేతికి అలా కాదు. ఏది ఎక్కడ ఆగుతుందో, ఏది ఇంకొక చుట్టు తిరుగుతుందో దానికి తెలుసు.

ఈ గుండ్రదనం ఎక్కడిది? తాటాకుపై గంటంతో వ్రాయడం వలన వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఆకు ఈనెలు అడ్డంగా సాగుతాయి కనుక, వాటి వెంట తిన్నగా గీత లాగితే ఆకు చీలుతుందనీ, అందుచేత వ్రాతగాళ్ళు గీతలను వంపులుగా మార్చుకున్నారనీ వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కాని అదే తాటాకుపై వ్రాసిన తమిళులు తమ లిపిలో మూలలనూ అడ్డగీతలనూ నిలుపుకున్నారు కదా! కాబట్టి పరికరమే అంతా నిర్ణయించలేదు. చేతుల అలవాటు, చూపుల అభిరుచి కూడ తరతరాలుగా పనిచేశాయి. గంటంతో వ్రాసే తీరు కూడ మన కలం తీరు కాదు. ఆకును ఎడమచేత పట్టుకొని, ఎడమ బొటనవ్రేలిని గంటానికి ఆనుగా నిలిపి, వ్రాత సాగినకొద్దీ ఆకును జరుపుతారు. వ్రాసినది మొదట సరిగా కనబడదు కూడ. మసి పూసి తుడిచిన తరువాతనే ఆ గీతలు నల్లగా తేలుతాయి. అంటే వ్రాయసకాడు చాలవరకు చేతి తెలివిడితోనే వ్రాసేవాడు.

ఆ వ్రాయసకాండ్ర చేతులపై ఒక ఇంగ్లీషువాడు తన జీవితాన్నే పణంగా పెట్టాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చాడు. అతడు తెలుగు నేర్చే నాటికి కావ్యాలు చాలవరకు తాటాకులపైనే, ఊరూరా ఇళ్ళలో చెదరి ఉన్నాయి. కొన్ని చెదలకు ఆహారమౌతున్నాయి. బ్రౌన్ తన సొంత సొమ్ముతో పండితులనూ వ్రాయసకాండ్రనూ కుదుర్చుకొని, కడపలోని తన బంగళాలోనే వారిచేత పని చేయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది.

బ్రౌన్ ఎదుర్కొన్న చిక్కు నిజానికి మనసుకు సంబంధించినది. ఒకే పద్యం పది ప్రతులలో పది విధాలుగా ఉండేది. చూసి వ్రాసే మనిషి కన్ను ఒక మాట నుండి, కింద అటువంటిదే ఇంకొక మాట కనబడితే దాని మీదికి దూకుతుంది. నడుమ పాదం పోతుంది. ఒకరు చదువుతుండగా వ్రాసేవాడు విన్నదానిని తనకు అలవాటైన మాటగా మార్చుకుంటాడు. పదాల మధ్య ఎడం లేని వ్రాతలో పొరపాటుకు చోటు మరింత. అలసిన చెయ్యి ఒత్తులను మింగుతుంది. ఇవి సోమరితనం వలన వచ్చిన తప్పులు కావు. మనిషి మనసు పనిచేసే తీరు వలన వచ్చినవి. బ్రౌన్ అందుకే ఒక్క ప్రతిని నమ్మలేదు. ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతి కాగితంపై వ్రాయించాడు. అలా కూడిన రెండు వేలకు పైబడిన ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చాడు. ఆ కట్టలే తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయం చేరాయి. అతడు 1855లో ఇంగ్లండు తిరిగి వచ్చి, 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడై, 1884లో ఈ గడ్డపైనే కన్నుమూశాడు. బ్రాక్‌నెల్ స్టేషనులో రైలెక్కితే గంటసేపటికి లండను వాటర్లూ చేరతాము. అతడు తెలుగు ఆచార్యుడుగా ఉన్న కాలేజీ అక్కడికి ఎంతో దూరం కాదు. మన పిల్లలలో ఎందరికి అతని పేరు తెలుసు?

పండితుల పొందికైన వ్రాత ఒకవైపు ఉండగా, మరొకవైపు కరణాల గొలుసుకట్టు వ్రాత ఉండేది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి, లెక్కలను కవిలెలలో వేగంగా వ్రాసుకుపోయేవారు. చదువు వచ్చినవారికి కూడ అది ఒకపట్టాన కొరుకుడు పడేది కాదు. పొలం ఎవరిదో, శిస్తు ఎంతో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ గొలుసు విప్పగలిగినవాని మాటకు ఊళ్ళో ఎంత బలమో ఊహించవచ్చు. 1984లో కరణీకం రద్దయింది. ఆ వ్రాత చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. లిపి తెలుగే, మాటా తెలుగే. అయినా చదివే దిక్కు లేక కాగితం మూగబోతుంది.

చేతివ్రాత బాగుంటే తలవ్రాత బాగుంటుందని మా మేష్టారు బెత్తం పట్టుకొని చెప్పేవారు. చేతివ్రాతను బట్టి మనిషి స్వభావాన్ని చెప్పవచ్చునని ఫ్రాన్సులో మిషోన్ అనే మతాచార్యుడు 1870లలో ఒక శాస్త్రంగానే ప్రచారం చేశాడు. దానిని నమ్మి ఉద్యోగాలిచ్చిన సంస్థలూ ఉన్నాయి. పరీక్షించి చూస్తే అది నిలువలేదు. వ్రాతలో జీవిత విశేషాలేమీ లేకుండా చేసి ఇస్తే, ఆ విద్యలో నిపుణులమనేవారు మామూలు మనుషుల కంటె మెరుగుగా ఏమీ చెప్పలేకపోయారు. గాంధీగారు తన వ్రాత బాగుండదని ఆత్మకథలో ఎంతో నొచ్చుకున్నారు. ఆయన తలవ్రాతకు వచ్చిన లోటేమిటి? వ్రాత గుణాన్ని చెప్పదు. అయితే ఎవరి వ్రాతో మాత్రం చెబుతుంది. నల్లబల్లపై సుద్దముక్కతో భుజం కదిలించి పెద్దగా వ్రాసినా, కాగితంపై వ్రేళ్ళతో చిన్నగా వ్రాసినా, ఒకే మనిషి అక్షరానికి ఒకే వాలకం ఉంటుంది. అది వ్రేళ్ళలో కాక మెదడులో దాగిన నడక గనుక.

మా అమ్మ వ్రాత అటువంటిది. నేను ఈ దేశానికి వచ్చిన తొలి సంవత్సరాలలో నెలకొక నీలిరంగు ఎయిర్‌మెయిలు ఉత్తరం వచ్చేది. ఆమె తలకట్లు కుడివైపుకు గాలికి వాలినట్టు ఉంటాయి. చోటు చాలనప్పుడు కాగితాన్ని అడ్డంగా తిప్పి అంచుల వెంట వ్రాసేది. అసలు సంగతులన్నీ అంచుల్లోనే ఉండేవి: నాన్న దగ్గు, ఆవు ఈనిన వార్త, నేను రాలేకపోయిన పెళ్ళి. తొందరపడి ఉత్తరం చింపితే ఆ అంచే చినిగేది. అమ్మ పోయాక ఆ కట్ట తీసి చూస్తుంటే, మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. అమ్మమ్మతో గంటల తరబడి ఫోనులో తెలుగు మాట్లాడిన పిల్ల, అమ్మమ్మ ఉత్తరంలో ఒక్క మాటా చదవలేకపోయింది. చదివి వినిపించాను. విని ఊరుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, కేకు కాల్చేటప్పుడు పరిచే పలుచని కాగితం తెచ్చి ఉత్తరంపై వేసి, కింద కనబడుతున్న అక్షరాలను పెన్సిలుతో దిద్దసాగింది.

ఆ పని వారాంతాలలో ఇంకా సాగుతున్నది. ఇప్పటికి మూడు ఉత్తరాలైనాయి. ‘వ’కూ ‘మ’కూ తేడా నన్ను అడగడం మానివేసింది. మొన్న అంచు దగ్గరికి వచ్చినప్పుడు, తాను తల వంచడానికి బదులు కాగితాన్నే అడ్డంగా తిప్పి వ్రాసుకుపోయింది. ‘ఆవు’ అన్న మాట దగ్గర ఆగి, ఆ ఆవు పేరేమిటని నన్నడిగింది.