ఛాయ, చౌర్యం

కాలేజీలో చదువుతున్న నా పాత శిష్యుడొకడు వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' మీద వ్యాసం రాసి, దిద్దించుకోడానికి అమలాపురంలో నా దగ్గరకు తెచ్చాడు. మూడో పేజీకి వచ్చేసరికి వాక్యాలు ఎక్కడో చదివినవిగా తగిలాయి. బీరువాలోంచి పుస్తకం తీసి చూపించాను. "ఆయ్, అందరూ ఇలాగే రాస్తారండి మాస్టారూ" అన్నాడు. అది అబద్ధం కాదు. గైడు చూసి రాసిన జవాబులకు మార్కులు వేసిన చేతుల్లో నాదీ ఒకటి. పరుల శ్రమను కాజేయడం దోపిడీ అని సభల్లో చెప్పే మనం ఈ దోపిడీని మాత్రం చూసీచూడనట్టు వదిలేశాం.

అతను ఎంచుకున్న నవలే ఈ ప్రశ్నను మన ముందు పెడుతుంది. 1878లో 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకంగా వచ్చిన ఆ కథ వెనక, 1766 నాటి గోల్డుస్మిత్ నవల ఉంది. దాన్ని తెనిగించబోయి మానుకున్న సంగతి పంతులుగారే చెప్పుకున్నారు. ఇంగ్లీషు పల్లెలోని మతగురువు స్థానంలో ధవళేశ్వరం గృహస్థు వచ్చాడు; బంగారం చేస్తానన్న బైరాగి, ముఖస్తుతికి పొంగిపోయే పెద్దమనిషి మన ఊళ్ళవాళ్ళే. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఆ నవలను గట్టిగానే విమర్శించారు. అరువెంత, సొంతమెంత అని నేటికీ వాదించుకోవచ్చు. అప్పు దాచలేదు కనకనే ఆ వాదానికి చోటుంది.

ఈ తూకం మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు కావ్యాల మధ్య పోలికను మూడు విధాలు చేశాడు. అద్దంలో నీడలాంటిది, పటంలో బొమ్మలాంటిది వదిలెయ్యమన్నాడు. ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలికలాంటిది దోషం కాదన్నాడు.

ఇప్పుడు తూకం యంత్రానిది. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో పోలిక 10 శాతం దాటి 40 లోపుంటే ఆరు నెలల్లోగా తిరగరాయాలి; 60 దాకా ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు; 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పేరు చెప్పి ఉదహరించినది ఈ లెక్కలోకి రాదు. మాటలు మార్చి ఆలోచన ఎత్తుకుపోయినవాడు యంత్రానికి దొరక్కపోవచ్చు. అతన్ని పట్టుకోవలసింది చదివే మాస్టారు. అందుకు ఆ మాస్టారు చదివి ఉండాలి.

వ్యాసం తిరిగి ఇచ్చేశాను. కొన్నాళ్ళకు అయిదు పేజీలు తెచ్చాడు. భాష తడబడింది, రెండుచోట్ల అన్వయం కుదరలేదు. కాని ఒక ప్రశ్న వేశాడు: విధవ అయిందనుకున్న రుక్మిణికి పంతులుగారు మళ్ళీ పెళ్ళి చేయించక, పోయాడనుకున్న మొగుణ్ణే ఎందుకు తిరిగి రప్పించారు? రాజమండ్రిలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం 1881లో కదా, నవల నాటికి తెగువ చాలలేదేమో అని అంచున పెన్సిలుతో రాసుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా వాదించుకున్నాం.